బామ్మగారి మడత కుర్చీ

గురువారం, మిస్సిసాగా, కెనడా

లంచ్ బ్రేక్ అంతా కారులో కూర్చుని చెల్లితో ఫోన్‌లో పోట్లాడటానికే సరిపోయింది. స్వాతి జార్జియా దేశానికి వెళ్లింది మెడిసిన్ చదవడానికి. అక్కడ రోజూ పార్లమెంటు ముందు ప్రభుత్వానికి వ్యతిరేకంగా జనం చేరుతుంటే, ఇదీ వెళ్తోంది!

"నేను ధర్నాకి వెళ్లట్లేదక్కా. మా ఓనర్ బామ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ కూర్చోడానికి మడత కుర్చీ మోసుకెళ్తున్నా, అంతే."

"పోలీసులకి చెప్పు ఆ మాట, వింటారు! వీసా పోతే?"

"కుర్చీ మోస్తే వీసా తీసేస్తారా?"

ఎంత చెప్పినా చెవికెక్కదు. పైగా కుర్చీ చూడమని, ఫ్రెండు తీసిన వీడియో ఒకటి పంపింది. నాలుగుసార్లు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. బామ్మగారు ముందు వరసలో నిలబడి అరుస్తున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని మా స్వాతి, ఆవిడకన్నా గట్టిగా, వాళ్ల భాషలోనే.