ఎడమ పెడల్ ఊడలేదు

విమానాశ్రయం, ఏడో నంబరు కౌంటరు ఎదుటి బెంచీ
గురువారం, మధ్యాహ్నం రెండున్నర

బావకి,

నమస్కారాలు, అక్కకి కూడా. నేనిక్కడ క్షేమం, మీరిద్దరూ అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. నిజం చెప్పాలంటే నేను ఉన్నది క్షేమంగా కాదు, బందీగా. అదీ ఒక అట్టపెట్టెకి.

ఒంటిగంట విమానం నన్ను ఇక్కడే వదిలేసి ఎగిరిపోయింది. కంగారు పడకు. సైకిల్‌ని విమానం ఎక్కించాలంటే టైర్లలో గాలి తీసెయ్యాలట, ముందు చక్రం విప్పాలట, హ్యాండిల్ పక్కకి తిప్పాలట, రెండు పెడళ్ళూ ఊడదీసి అన్నీ పెట్టెలో సర్ది టేపు చుట్టాలట. అన్నీ బుద్ధిగా చేశాను. కుడి పెడల్ మారుమాట్లాడకుండా వచ్చింది. ఎడమది మొరాయించింది. పానా మీద నా బరువంతా వేసి తిప్పితే, తిప్పినకొద్దీ ఇంకా బిగుసుకుంది. పెడల్ పొడుచుకొచ్చిన పెట్టెను తీసుకునేది లేదని కౌంటరు అమ్మాయి చెప్పేసింది. నవ్వుతూ చెప్పింది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

నువ్వు ఈపాటికి నెత్తి కొట్టుకుంటూ ఉంటావు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందిరా, మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది అని నాకు ఎన్నిసార్లు చెప్పావు! మీ పెళ్ళయిన కొత్తలో మా ఇంటికి వచ్చి నా పాత సైకిల్‌ని వాకిట్లో ముక్కలుగా విప్పి మరీ చూపించావు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. వీడు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తున్నాడని అక్కకి ఫిర్యాదు కూడా చేశావు. ఇన్నేళ్ళకి నీ ఫిర్యాదు నిజమైందనుకో.

ఇక నా జైలు సంగతి విను. పెట్టెని వదిలి లేవకూడదు. ఒంటరిగా కనిపించిన సామాను ఏదైనా గార్డులు ఎత్తుకుపోతారట. పోనీ పెట్టెతో పాటే వెళదామంటే అది టాయిలెట్ తలుపులో పట్టదు. నేను కొలిచాను, నవ్వకు. చివరికి, ఇక్కడి భాష నాకు రాదు కాబట్టి, నేల తుడిచే ఆవిడకి సైగలతో నా అవస్థ చెప్పుకుంటే, ఆవిడ తుడుపుకర్ర పక్కనపెట్టి పెట్టె మీద దర్జాగా కూర్చుని, పొమ్మని చెయ్యి ఊపింది. తిరిగి వచ్చేసరికి పెట్టె మీద ఉన్న మన ఊరి హాస్పిటల్ పేరుని వేలితో కూడబలుక్కుంటోంది. నాకెందుకో ఏడుపొచ్చింది. ఊళ్ళోకి పోదామంటే ఈ పెట్టె పట్టే టాక్సీ లేదు. నాకు సీటు దొరికింది రేపు సాయంత్రం విమానంలో. అంటే శనివారం పొద్దున దిగుతాను. అంతవరకూ ఈ బెంచీ, నేను, ఇది.

ప్రయాణం సంగతులు అక్కకి ఫోన్లో చెబుతూనే ఉన్నాను గానీ నీకు ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. నువ్వు ఫోను తీసుకుంటే నాకు మాటలు తడబడతాయి. నలభై మూడు రోజులు బావా! పిల్లల గుండె వార్డు కోసం అని చొక్కా వెనక రాసుకుని పద్దెనిమిది మందిమి వరసగా తొక్కుతుంటే, లారీ డ్రైవర్లు పక్కకి తప్పుకుని చేతులు ఊపేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ లేని ఈసీజీ గదిలో జనం ఛాతీలకి తీగలు అంటించి, కాగితం చింపి, పైన వాళ్ళ పేరు పెన్నుతో రాసి పంపడమేగా నా బతుకు. ఈ నలభై మూడు రోజులూ ఏ కాగితం మీదా ఎవరి పేరూ రాయలేదు. ఆకాశం ఇంత ఉంటుందని మరిచిపోయాను.

నీ సైకిల్‌కి ఒక్కసారి కూడా గొలుసు జారలేదు. నీ చేతులతో బిగించిన చక్రాలు కదా, ఇసుమంత వంకర పోలేదు. మాతో వచ్చిన హెడ్మాస్టరమ్మ, అరవై మూడేళ్ళావిడ, రిటైరైనా ఆ గొంతు మాత్రం రిటైరవలేదు, ఈ సైకిల్ చేసిన మనిషిని ఒకసారి చూడాలని రోజూ అనేది. ఆయనెందుకు రాలేదని కూడా అడిగింది. ఈసీజీలో గుండె బాగాలేదని తేలి, యాత్ర కమిటీ ఆపేసిందని చెప్పాను. ఎత్తు వచ్చినప్పుడల్లా నేను దిగిపోయి రాయి మీద కూర్చునేవాణ్ణి. ఆవిడ వెనక్కి వచ్చి, ఏం నాయనా, పాఠం అప్పజెప్పలేక బెంచీ ఎక్కావా అని వెక్కిరించేది. చుట్టూ చూస్తున్నానండీ అని బుకాయించేవాణ్ణి.

ఆవిడది రెండో జట్టు, ఐదు గంటల విమానం. ఎదురు బెంచీలో కూర్చుని ఈ ఉత్తరం కోసమే కాచుకుని ఉంది. రేపు పొద్దున దిగగానే మీ ఇంటికి వచ్చి, అక్క చేతికి కాదు, నీ చేతికే ఇస్తానంది. కాసిని మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి. కాస్త ఎక్కువ మాట్లాడుతుంది, ఓపిక పట్టు.

ఇప్పుడు అసలు విషయం. నిన్న అక్క చెప్పింది. నాకు స్వాగతం చెప్పడానికి హాస్పిటల్ వాళ్ళు బ్యానరు కట్టారట. నువ్వు కూడా వస్తానన్నావట. నా సైకిల్ నేనే బిగిస్తా, ఇంకెవడూ చెయ్యి పెట్టొద్దు అని ఆ ఈసీజీ తర్వాత ఐదు నెలలుగా ముట్టుకోని పానాలు అటక మీంచి దింపించి తుడిచావట. అది చెబుతూ అక్క సంతోషపడాలో భయపడాలో తెలియక మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాతే తెలిసింది, శనివారం పదింటికి నీ సైకిల్ షాపుని ఆ టైర్ల దుకాణం ఆయనకి రాసిచ్చేస్తున్నావని.

బావా, ఆ సంతకం పెట్టకు. ఎందుకని అడగకు, వచ్చాక చెబుతాను. ముప్పై ఏళ్ళ షాపు. నువ్వు మేడ మెట్లు ఎక్కడం మానేసి ముందు గదిలోనే మంచం వేసుకున్నావని, నీళ్ళ బకెట్టు కూడా ముట్టుకోవడం లేదని, కిటికీ దగ్గర కూర్చుని మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకుంటున్నావని అక్క చెప్పినప్పుడల్లా నేను ఏదో ఒక పని ఉందని ఫోను పెట్టేశాను. పెద్ద డాక్టరుకి చూపిద్దామని అక్క పోరితే అక్కర్లేదన్నది నువ్వొక్కడివే కాదు, నేను కూడా. శ్రమ పడకుండా ఉంటే చాలు, నేను చూసుకుంటాను కదా అన్నాను. నువ్వు నమ్మావు. నువ్వు నా మాట ఎప్పుడు నమ్మలేదు గనక!

హెడ్మాస్టరమ్మ గడియారం చూపిస్తోంది. ఉంటాను. అక్కని అడిగానని చెప్పు.

నీ సైకిల్ మీద ఊరేగి వచ్చిన
నీ బావమరిది

తా.క. పెడల్ ఊడింది. పదకొండింటికే ఊడింది. నీ మాట గుర్తొచ్చి అటు తిప్పగానే వచ్చేసింది. విమానానికి ఇంకా రెండు గంటలు ఉంది. నేనే దాన్ని మళ్ళీ బిగించి కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళి, ఊడటం లేదని చెప్పాను. ఈ ఉత్తరం నాకంటే ముందు రావాలి. బ్యానరు కింద పానా పట్టుకుని నిలబడిన నిన్ను ఎదురుగా చూస్తే నేను మళ్ళీ అబద్ధమే ఆడతాను, నా సంగతి నాకు తెలుసు. ఇది నాలుగో ఉత్తరం. మూడు చింపేశాను.

ఆ చెడ్డ ఈసీజీ నీది కాదు. నాది. ఆ రోజు ఇద్దరివీ తీశాక నువ్వు చొక్కా వేసుకుని టీకి వెళ్ళావు. కాగితాల కోసం కమిటీ మనిషి వాకిట్లో నిలబడి తొందరపెడుతున్నాడు. నీ కాగితం పిల్లవాడి గుండెలా తీరుగా ఉంది. నాది లయ తప్పింది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నవాణ్ణి, రెండోసారి చూడక్కర్లేదు. అది పంపితే నన్ను రానివ్వరు, ఆ గదిలోంచి ఇక ఎప్పటికీ బయటపడను అనుకున్నాను. పెన్ను నా చేతిలోనే ఉంది. నా కాగితం మీద నీ పేరు రాశాను, నీ కాగితం మీద నా పేరు. వచ్చే ఏడు మళ్ళీ తీసి, తగ్గిపోయిందని చెప్పి నిన్ను పంపొచ్చులే అని సర్దిచెప్పుకున్నాను. నిన్ను మంచం ఎక్కిస్తానని అనుకోలేదు. అది తెలిశాక కూడా నోరు విప్పలేదు, దానికి ఏ సాకూ లేదు.

ఎత్తుల దగ్గర నేను దిగింది చుట్టూ చూడటానికి కాదు. నా గుండె సంగతి వచ్చాక చూపించుకుంటాను, దాని మీద జాలి పడి నన్ను వదిలెయ్యకు. నా మాట మీద నమ్మకం ఉండక్కర్లేదు, రేపే అక్కని తీసుకుని వేరే హాస్పిటల్లో ఈసీజీ తీయించుకో. పేరు వాళ్ళు రాసేటప్పుడు దగ్గరుండి చూసుకో.

శనివారం నువ్వు రాకపోతే నేనే బిగించి, తొక్కుకుంటూ కాదు, నడిపించుకుంటూ తెచ్చి షాపు ముందు నిలబెట్టి పోతాను. లోపల నువ్వు ఉంటే చాలు. తిట్టేది తర్వాత తిట్టు. ముందు ఆ మణికట్టు వదిలి, లేచి మేడ మీదికి ఎక్కు బావా. ఒక్కో మెట్టూ కాదు, నువ్వు ఎప్పుడూ ఎక్కినట్టు రెండేసి. ఏమీ కాదు. నీకేమీ కాలేదు.