అన్న పేరు మీద చెప్పిన సాక్ష్యం

అన్నా,

నీ చెల్లెలు సునీత కువైట్ నుంచి రాస్తోంది. నువ్వూ, వదినా, పిల్లలూ బాగున్నారా? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? విడవలూరులో వానలు పట్టుకున్నాయట. రొయ్యల గుంటల గట్టు జారుతుంది, జాగ్రత్త. నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. ఇక్కడ ఎండ తగ్గింది, దుమ్ము తగ్గలేదు. నేను పనిచేసే ఇంటి మేడమ్ మంచిదే, గిన్నెలే ఎక్కువ. ఇక్కడి కుబ్బూస్ రొట్టెలు తిని తిని నోరు చచ్చిపోయింది. మామిడికాయ వేసిన చేపల పులుసు కోసం ప్రాణం లాగుతోంది.

ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. నీ గొంతు వింటే ఈ మాట నా నోట రాదు, అందుకే.

ఇక్కడ శుక్రవారమే సెలవు, ఆ రోజే ఆరాధన. మన తెలుగువాళ్ళం ఒక హాల్లో కలుస్తాం. ప్రతివారం ఎవరో ఒకరు లేచి, దేవుడు తమను ఏ పాపంలో నుంచి రక్షించాడో సాక్ష్యం చెప్పాలి. నా వంతు వచ్చింది. నాకేముంది చెప్పడానికి? చిన్నప్పుడు అమ్మ చేయి పట్టుకుని చర్చికి వెళ్ళాను, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నాను, అంతే. మైకు చేతికి రాగానే, "మా అన్న తాగొచ్చి నన్ను కొట్టేవాడు, నా ప్రార్థనతో మానేశాడు" అనేశాను.

నాయన పోయాక చదువు మానేసి నన్ను పెంచావు. చుక్క ముట్టి ఎరగవు. అలాంటి నిన్ను అన్నానన్నా! అందరూ ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది, అదింకా సిగ్గు. ఆ సాక్ష్యంలో పాపాలన్నీ నీవి, రక్షణ మాత్రం నాది.

అక్కడితో పోలేదు. మాతో ఆరాధనకు వచ్చే కొడవలూరు రూతక్క భర్త ఊళ్ళోనే ఉంటాడు, నిజంగానే తాగుబోతు. ఆమె నా చేతులు పట్టుకుని, "నేను ఊరికి పోతుండా సునీతా. మా ఆయన్ని మీయన్న కాడికి తోడుకొనిపోతా. ఎట్ట మానినాడో ఆయన్నే చెప్పమంటా" అంది.

రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఆమె దగ్గర కూర్చుని నిజం చెప్పేశాను. "అట్ట చెప్పేదానికి నీకు నోరెట్టొచ్చింది మే?" అంది. తర్వాత తనే, "అయినా పోతా. తాగని మొగోడు పెళ్ళాం బిడ్డలతో ఎట్టుంటాడో మా ఆయన్ని ఒకసారి చూడనీ" అంది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. వాళ్ళొస్తే భోజనం పెట్టండి. వదినకి కూడా చదివి వినిపించు, దాచొద్దు.

చర్చికి రావని, రక్షణ లేనివాడివని నిన్ను ఎన్నిసార్లు దెప్పానో. రక్షణంటే చెడ్డవాళ్ళ మధ్య నుంచి దేవుడు నన్ను పైకి లాగడమే అనుకున్నాను. ఆ చెడ్డదాన్ని నేనేనని ఇప్పుడు తెలిసింది. వచ్చే శుక్రవారం అదే మైకు పట్టుకుని నిజం చెప్పాలి.

పెద్దమ్మకు నా వందనాలు, పిల్లలకు ముద్దులు. నువ్వు ఎప్పటిలాగే "పోనీలేమ్మా" అనేస్తావని తెలుసు. ఈసారి అలా అనొద్దన్నా. ముందు నన్ను తిట్టు. నీకేం చేశానో నీ నోటితోనే చెప్పు, వింటాను. ఆ తర్వాత మనసొస్తేనే క్షమించు.

నీ దీవెన అడగడానికి కూడా సిగ్గుపడుతున్న చెల్లెలు,
సునీత