మంచు కొండకు పులిహోర పులుసు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున అవ్వ నీ ఫొటోకు దండ వేసింది. నిన్న మేడ్చల్‌లో మా కాలేజీలో జరిగింది నీకు చెప్పాలి.

జనవరిలో మా క్లాసువాళ్లం ఇరవై మందిమి హిమాలయాల్లో ఒక జాతీయ పార్కుకు వెళ్తున్నాం. కాళ్లకు పొడుగు చెక్కలు కట్టి మంచు మీద జారడం నేర్పిస్తారట. దాన్ని స్కీయింగ్ అంటారు. నేను నోటుబుక్కులో ‘మంచుజారుడు’ అని రాసుకున్నాను. చివరి రోజు ఆ మంచులోనే వండుకొని తినాలని అందరి ఆశ.

"యాటను కోయకుంట దావతేంది సార్?" అన్నాడు మా క్లాసు శ్రీశైలం.

"యాటకు గూడ రైలు టికెట్ తీస్తవా?" అన్నారు మమ్మల్ని తీసుకుపోయే సార్. అక్కడ కట్టెలు ఏరనివ్వరట, చిన్న స్టవ్ ఒక్కటే ఇస్తారట. వంట మానేసి బ్రెడ్డు కొనుక్కుందాం అన్నారు. అందరి మొహాలు చిన్నబోయాయి.

పెండ్లి వంటలకు పోయేముందు నువ్వు అనేవాడివి: "పరాయి పొయ్యి మన మాట వినదు బిడ్డా, సగం పని ఇంట్లనే కావాలె." నేను లేచి నిలబడ్డాను. పులిహోర పులుసు ఇక్కడే ఉడికించి డబ్బాలో తీసుకుపోదాం, అక్కడ కుక్కర్లో రెండు మూడు వాయిలుగా అన్నం వండి కలిపితే చాలు అన్నాను.

"గిది ఎవరు నేర్పిన్రమ్మా?"

"మా బాపు, సార్. పెండ్లిళ్లకు వంట చేసెటోడు."

ఆ మాట క్లాసులో ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు. సార్ వంట పని నాకే అప్పగించారు.

నీ పులుసు శామీర్‌పేట, యాప్రాల్ దాటి ఎన్నడూ పోలేదు. ఈసారి మంచు కొండ ఎక్కుతుంది, బాపూ.

నీ బిడ్డ
సుజాత