వంతు తెలియని పెట్టె

జమ్మలమడుగు,
మంగళవారం.

అమ్మకు వందనాలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ జేజీ నేనూ బాగున్నాం. జేజి మోకాళ్లు మాత్రం ఆమె మాట వినడం లేదు, ఆమె నా మాట వినడం లేదు. అక్కడ ఎండల్లో నువ్వూ నాయనా జాగ్రత్తగా ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం ముజమ్మిల్ మామ మస్కట్ నుంచి వస్తూ తెచ్చిచ్చాడు, ఖర్జూరాల డబ్బాతో సహా. డబ్బా జేజి ఎక్కడో దాచేసింది. నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే, "పొద్దునే ఫోన్లో మాట్లాడితివి గదా, మళ్లా ఉత్తరమేందే?" అంటోంది. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నాయన ఫోన్ లాక్కుంటాడు, అసలు మాట అక్కడే ఆగిపోతుంది. ఏ దేశంలో ఉన్నా తెలుగు మరిచిపోకూడదని నాచేత జేజికి ఉత్తరాలు రాయించింది నువ్వే కదా, ఇప్పుడు అనుభవించు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. తింటున్నాను. ఆదివారం చర్చి నుంచి రాగానే జేజి మాంసం తెప్పించి చియ్యల కూర చేసి, నేను వద్దనేదాకా వడ్డించి, వద్దన్నాక ఇంకో గరిటె వేస్తుంది. జుట్టు రాలడం తగ్గింది. ఇక నాయన మాట్లాడిపెట్టిన సీటు సంగతి, ఆఖరి సంవత్సరం మస్కట్‌లో మీ దగ్గరే ఉండి చదవమన్న సంగతి, చివర్లో రాస్తాను. పేజీ తిప్పి ముందే చూడొద్దు, నామీద ఒట్టు.

కంప్యూటర్ చదువులో అసలు ఏం చేస్తున్నావని నాయన అడిగాడట. నా మొదటి ప్రాజెక్టు ప్రొద్దుటూరు బస్సు ఎక్కడుందో ఫోన్లో చూపించేది. బస్సు కమలాపురంలో ఉందని ఫోన్ చూపిస్తుండగా, అదే బస్సు మా సార్ ముందు నుంచే దుమ్ము లేపుకుంటూ పోయింది. క్లాసంతా నవ్వింది, సార్ కూడా నవ్వాడు. అది వదిలెయ్. రెండోది చెప్పాలి.

మా కాలేజీలో మూడో సంవత్సరం వాళ్లం మొదటి సంవత్సరం పిల్లలకు చదువులో తోడుండాలి. నాకు నందిని అనే అమ్మాయిని అప్పగించారు. వాళ్లది పులివెందుల దగ్గర పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మొదటిరోజు ల్యాబులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నేను ముట్టుకుంటే చెడిపోతాదేమో అక్కా" అంది. నాకు ఇథియోపియాలో నాయన సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్ల పక్క బడిలో కంప్యూటర్ చెప్పిన టీచరమ్మ గుర్తొచ్చింది. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నా భాష రాదు. నేను ఎన్ని తప్పులు కొట్టినా ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదే కానీ కీబోర్డు ముట్టుకునేది కాదు. నేనూ నందిని దగ్గర అలాగే నిలబడ్డాను. అబ్బ, అది ఎంత కష్టమో అమ్మా! వేళ్లు ఒకటే దురద పెడతాయి. కానీ రెండు నెలలకే ఆ పిల్ల నా తప్పులు పట్టుకోవడం మొదలుపెట్టింది.

రెండో ప్రాజెక్టు వాళ్ల చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, పెట్టాం. నందిని నాయన ఆదినారాయణ మామకూ, చనిపోయిన ఆయన అన్న భార్య సరోజమ్మకూ తోటలు పక్కపక్కనే, బోరు మాత్రం ఒక్కటే. చెట్ల మొదళ్లలో తడి కొలిచే కడ్డీలు పాతి, మోటరు స్టార్టర్ పక్కన ఒక పెట్టె బిగించాం. ఏ తోట ఎక్కువ ఎండితే పెట్టె ఆ తోటకు నీళ్లు వదులుతుంది. చెట్లకు మేలైతే పెట్టుకోండి అని సరోజమ్మ కూడా ఒప్పుకుంది.

ఉమ్మడి బోరుకు వంతు ఉంటుందమ్మా. ఒక దినం వీళ్లది, ఒక దినం వాళ్లది. నందినికి అది పుట్టినప్పటి నుంచి తెలుసు కాబట్టి నాకు చెప్పాలని తోచలేదు. నాకు అలాంటిది ఒకటుంటుందనే తెలియదు కాబట్టి అడగాలని తోచలేదు. మామ తోట రాళ్ల నేల, తొందరగా ఆరిపోతుంది. పెట్టె ఏం చేసిందంటే, సరోజమ్మ వంతు రోజున కూడా ఆమె వాల్వు మూసేసి నీళ్లన్నీ మామ తోటకే పంపింది.

ఆ రోజు మేమిద్దరం అక్కడే ఉన్నాం. సరోజమ్మ కొంగు బిగించుకుని వచ్చింది.

"ఏం ఆదినారాయణా, మీ యన్న పోయినాక ఎన్ని మాటలనుకున్నా ఈ వంతు కాడ మాత్రం మనం ఎప్పుడూ పోట్లాడుకోలే. ఇప్పుడు మిషన్ అడ్డం పెట్టుకోని నా నీళ్లు కట్టుకుంటాండావా?"

"నాకేం తెల్దు వదినా, పిల్లోల్లు పెట్టిందే ఇది."

"పిల్లోల్లు పెడితే నీళ్లు నీ తోటకే యాల పోతాయి?"

మామ మొహం నల్లబడింది. పెట్టె తీగలు పీకి నా చేతిలో పెట్టాడు. "ఇండ్లల్లో తగువులు పెట్టే సదువు మాకొద్దు పాపా" అని, నందిని వైపు తిరిగి, "నువ్వు కూడా ఇంగ కాలేజీకి పోయేది లేదు, ఇంటికాడుండు" అన్నాడు. బస్సులో ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని జమ్మలమడుగు దాకా ఏడ్చాను.

ఇంటికొచ్చి చేసిన మొదటి పని, నాయన పంపిన మస్కట్ సీటు కాగితాలు బయటికి తీయడం. వెళ్లిపోదామనుకున్నాను. నాకు అలవాటైంది అదే కదమ్మా. చిలమకూరు నుంచి ఒమన్, అక్కడి నుంచి ఇథియోపియా, తర్వాత నేపాల్, మళ్లీ ఒమన్. ఏ సిమెంటు ఫ్యాక్టరీ నాయనను పిలిస్తే ఆ దేశం. బడిలో ఎవరితో గొడవైనా, లెక్కల్లో తప్పినా, ఎలాగూ పోతాం కదా అనుకునేదాన్ని. గొడవపడ్డ మనిషి ముందుకు మళ్లీ వెళ్లి నిలబడటం నాకు ఎక్కడా అవసరం పడలేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మూడు దేశాల్లో నువ్వు పొయ్యి పెట్టిన ప్రతి ఇల్లూ నాకు ఇష్టమే.

జేజి ఆ కాగితాలు చూసింది. "పోతే పోదువులే. ఆ పిల్ల సదువు నిలబెట్టి పో" అంది. అంతే, దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఆదివారం చర్చి కాగానే ఒక్కదాన్నే పులివెందుల బస్సెక్కాను. సరోజమ్మ తోటలో రాలిన కాయలు ఏరుతోంది. తప్పు నాది, మామది కాదు, క్షమించమన్నాను. ఆమె ఏరుతూనే ఉంది. నేను కదలలేదు. కాసేపటికి, "నిలబడి సూస్తాండావేంది, ఏరు" అంది. ఇద్దరం ఏరాం. అప్పుడు నోరు విప్పింది. "నాకు జరమొచ్చినప్పుడు ఆదినారాయణే నా చెట్లకు నీళ్లు కట్టినాడు. ఆయప్ప చెట్లు వాడితే నా వంతు నేనిచ్చినా. నోటి మాటతోనే జరిగిపోతాది. అడిగితే యాపొద్దయినా ఇస్తా పాపా. అడక్కుండా తీసుకుంటే సుక్క గూడా ఇయ్యను."

ఆమే నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి నడిచింది. "పిల్లలు తెలీక చేసినారు. దాన్ని మళ్లా పెట్టనీ, నేను సూసుకుంటా" అంది.

ఈసారి పెట్టెకు వంతు నేర్పాం. ఎవరి వంతు రోజున వాళ్లకే నీళ్లు. పక్క తోట మరీ ఎండితే పెట్టె వంతున్నవాళ్లకు ఫోన్ చేసి అడుగుతుంది, వాళ్లు ఒప్పుకుని ఒకటి నొక్కితేనే నీళ్లు అటు మళ్లుతాయి. ఈ ఆలోచనా నందినిదే, రాసిందీ నందినే. నేను చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను.

మొన్న శనివారం మేం అక్కడుండగానే సరోజమ్మ ఫోన్ మోగింది. అందులో నందిని గొంతే పెట్టాం. "పెద్దమ్మా, మా తోట ఎండుతాంది, రోంత నీళ్లిస్తావా?" అది రికార్డు అని తెలిసి కూడా సరోజమ్మ ఫోన్‌తో, "ఇస్తాలేవే, అట్ల దీనంగా అడగాకు" అంటూ నొక్కింది. అవతల మామ చెట్ల కింద డ్రిప్పు పైపులు తడిశాయి. మామ వంగి ఒక చెట్టు మొదట్లో మట్టిని చేత్తో తడిమి చూశాడు. తర్వాత కూతురితో, "రేపు రాత్రి పెందలాడే పండుకో, సోమవారం కాలేజీ బస్సు తప్పిపోతాది" అన్నాడు. నందిని నన్ను కౌగిలించుకుని ఎగిరింది, నా కాలు తొక్కేసింది కూడా.

ఇప్పుడు చివర రాస్తానన్నది. అమ్మా, నేను రానని మస్కట్ కాలేజీ వాళ్లకు ఆ మరుసటి రోజే రాసేశాను. మిమ్మల్ని అడగలేదు. సరోజమ్మ దగ్గర అంత విని కూడా అడగలేదంటే నన్ను ఎన్ని తిట్టినా పడతాను. అడిగితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను వచ్చేస్తాను. ఆ భయంతోనే అడగలేదు. నువ్వు లేకుండా ఉండటం నాకేమీ తేలిక కాదు, నీ చీర ఒకటి నా దిండు కిందే ఉంది. సెలవులకు తప్పకుండా వస్తాను. కానీ చదువు ఇక్కడే పూర్తిచేస్తాను, నందిని తర్వాత వచ్చే పిల్లలకూ తోడుంటాను. నాయనకు నువ్వే మెల్లగా చెప్పు. కోపమొస్తే ఫోన్ చెయ్యమను, ఎత్తుతాను.

నిన్న ప్రొద్దుటూరు బస్టాండులో ఒక ముసలామె, "యా ఊరు పాపా మీది?" అని అడిగింది. ఎక్కడున్నా ఈ ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పేదాన్ని. వెంటనే "అది కాదు, అసలు ఎక్కడిదానివి?" అని రెండో ప్రశ్న వచ్చేది. అప్పుడు నీ మొహం చూసేదాన్ని. నిన్న నువ్వు పక్కన లేవు. "జమ్మలమడుగు అవ్వా" అన్నాను. ఆమె తలూపి, సంచి జరిపి, కూర్చోమని చోటిచ్చింది.

అమ్మా, రెండో ప్రశ్న రాలేదు.

ఇట్లు,
జేజి ఇంటి నుంచి నీ కూతురు,
కెజియా.