మూత తీయకూడని కూర

కమ్మింగ్,
12 ఫిబ్రవరి 2010

చి.ల.సౌ. రాధారాణికి శేషగిరి దీవించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. ఫోన్ చేస్తే గిరిజ స్పీకర్ పెడుతుంది, మన మాటలు ఇల్లంతా వింటారు. అందుకే ఈ ఉత్తరం. అమెరికా రప్పించి పిల్లలు మనల్ని భలే పంచుకున్నారు. కోడలి పురిటికని నువ్వు బాతెల్‌లో అబ్బాయి దగ్గర, మనవణ్ణి స్కూల్ బస్ ఎక్కించడానికి నేనిక్కడ అమ్మాయి దగ్గర! ఉగాదికైనా వస్తావేమోనని గిరిజ అడుగుతోంది. నేనేమీ అడగటం లేదు. నాకు కాలక్షేపం బాగానే అవుతోంది.

పక్కింట్లో మోరీన్ గారని ఒక ఐరిష్ ఆవిడ ఉన్నారు, రిటైరైన టీచరు. వాళ్ళ సంప్రదాయపు ఐరిష్ స్టూ నాకు నేర్పిస్తున్నారు. గొర్రె మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, క్యారెట్లు, ఉప్పు, మిరియాలు, నీళ్ళు స్లో కుక్కర్‌లో వేసి మూత పెట్టాలి. ఎనిమిది గంటలు దాని జోలికి పోకూడదు. అంతే.

ఇట్లు,
శేషగిరి

తా.క.: దీనికి విజిల్ రాదట. మధ్యాహ్నం దాకా ఎదురుచూశాక చెప్పారు.

బాతెల్,
20 ఫిబ్రవరి

శ్రీవారికి రాధారాణి నమస్కరించి రాయునది.

పసివాడు, రాగిణి క్షేమం. ఏనాడూ మంచినీళ్ళైనా ముంచుకు తాగని మనిషి మాంసం వండుతున్నాడని చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. కారం లేదు, పసుపు లేదు, అల్లంవెల్లుల్లి లేదు. జ్వరంలో చారులో కారం తగ్గిస్తే కంచం నెట్టేసింది మీరేనా?

అయినా మూత పెట్టాక ఎనిమిది గంటలు ఏ పనీ లేదంటున్నారే, అంతసేపూ ఆవిడ ఇంటికి వెళ్తారా, అక్కడే కూర్చుంటారా?

ఉగాదికి రావడం కుదరదని గిరిజతో చెప్పండి. మీరేమీ అడగలేదు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు.

మీ
రాధారాణి

తా.క.: ఆవిడ భర్త ఏం చేస్తుంటారు? ఊరికే అడిగాను.

కమ్మింగ్,
28 ఫిబ్రవరి

చి.ల.సౌ. రాధారాణికి దీవెనలు.

మోరీన్ గారి భర్త పోయి చాలా కాలమైందట, పాపం. మూత పెట్టాక ఆవిడ వెళ్ళరు. మూత తీస్తే వేడంతా పోయి పని మొదటికొస్తుందట, నేను తీస్తానేమోనని కాపలా. కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. నా ఇంగ్లీషు బాగుందన్నారు. నువ్వెప్పుడైనా అన్నావా?

ఉగాది నాడు ఆవిడని భోజనానికి పిలిచాను. నువ్వు రాలేవు కదా, పచ్చడి చేయడం ఆవిడకే నేర్పిస్తాను.

ఇట్లు,
శేషగిరి

తా.క.: ఆవిడకి చీర కట్టుకోవాలని సరదాగా ఉందట. నీ ఆకుపచ్చ పట్టుచీర ఇక్కడి పెట్టెలోనే ఉన్నట్టుంది.

బాతెల్,
8 మార్చి

శ్రీవారికి నమస్కారాలు.

నా పట్టుచీర దాకా వచ్చారు కాబట్టి ఇక ఆగలేను. మీ మొదటి ఉత్తరం అందిన రోజే గిరిజకి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టనివ్వలేదు. మీ పక్కిల్లు దసరా నుంచీ అమ్మకానికి ఉందట, అందులో ఉడతలు తప్ప ఎవరూ లేరట. పొద్దున్నే అన్నీ కుక్కర్‌లో వేసి ఆఫీసుకెళ్ళేది మన అల్లుడు భాస్కర్ అట. సాయంత్రం దాకా మూత తీయకుండా ఉండటం ఒక్కటే మీ పని. అదీ చేతకాక గంటగంటకీ తీసి కలుపుతారట. భోజనాల వేళకి దుంపలు రాళ్ళలా ఉంటే, భాస్కర్ మొహమాటానికి నమలకుండా మింగుతున్నాడట.

అన్నీ తెలిసీ ఆవిడ గురించి ఎందుకు అడిగానంటారా? ఎంత దూరం పోతారో చూద్దామని.

మొదట కడుపుబ్బ నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. నన్ను రప్పించడానికి లేని మనిషిని పుట్టించారు, నేనడిగేసరికి ఆవిడ మొగుణ్ణి చంపారు గానీ, నువ్వు లేకపోతే తోచడం లేదని ఒక్క ముక్క రాయలేకపోయారు. నాకైతే ఇక్కడ తోచడం లేదండీ. రోజూ కాఫీ ఇద్దరికీ కలిపేసి, రెండోది నేనే తాగుతున్నాను.

రాగిణి వాళ్ళమ్మ ఫ్రీమాంట్ నుంచి వచ్చారు. మన అబ్బాయి అనుదీప్ నాకు శనివారానికి టికెట్ బుక్ చేశాడు. ఎయిర్‌పోర్ట్‌కి మీరూ రండి.

మీ
రాధారాణి

తా.క.: ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరితే, దీన్ని విప్పకుండా నాకిచ్చేయండి. ఎదురుగా ఉన్నప్పుడు ఇంత మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు, చదివితే మీరు దీనికే అలవాటు పడతారు.