గడ్డి దుబ్బుకి అవతలివైపు

ఫిబ్రవరి 4
గుమ్మం పక్కన షో కోసం పెంచిన గడ్డి దుబ్బులు మూడూ నిలువునా ఎండిపోయాయి. నాకంటే ఎత్తు. కుచ్చులు రాలి కిటికీ అద్దానికి అంటుకుంటున్నాయి. కోసే వేళయింది. మొదలు దగ్గర బెత్తెడు వదిలి పైదంతా తీసెయ్యాలి, కొత్త పిలకలు లేవకముందే. ఆలస్యం చేస్తే పిలకల కొసలు కూడా తెగి ఏడాదంతా మొండిగా ఉంటాయి.

ఒక్కరి పని కాదు. ఒకరు దుబ్బుని రెండు చేతులా వాటేసుకుని కట్టు బిగించాలి, ఇంకొకరు కింద కూర్చుని కొయ్యాలి. పదకొండేళ్ళుగా వాటేసుకునేది అక్క. కోసేది నేను. నిరుడు మాత్రం...

రాయబుద్ధి కావడం లేదు.

ఫిబ్రవరి 7
మా ఆయన సాయం చేస్తానన్నాడు. నడుం పట్టేసి మొన్ననే మంచం దిగిన మనిషి! గడ్డితోపాటు నిన్నూ కోసేస్తానని చెప్పాను. నవ్వాడు. తర్వాత మెల్లగా, మీ అక్కకి ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయిందన్నాడు.

ఏం పోలేదు. ఏడాదిలో ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. అది ఎత్తదు. ఇల్లేమో ఈ వీధి చివరే. రోజూ పొద్దున పాలకి మా ఇంటి ముందునుంచే వెళ్తుంది. తల తిప్పదు.

ఫిబ్రవరి 8, ఉదయం 6
సరే, రాసేస్తాను.

నిరుడు ఇదే నెలలో అక్క కంటి ఆపరేషన్ చేయించుకుని కూతురి దగ్గరుంది. తిరిగొచ్చేసరికి దాని పెరడు శుభ్రంగా ఉండాలని నేనే వెళ్ళి గడ్డంతా కోసేశాను. ఒక్కదాన్నే. నా మీద నాకే ముచ్చటేసింది. గోడ వారన బావ పోయేముందు నాటిన నీలం గడ్డి ఉంది. మోకాలెత్తు కూడా ఉండదు. కొసలు ఎండినట్టుంటే దాన్నీ మొదలంటా తీసేశాను.

అది ఎప్పుడూ పచ్చగా ఉండే రకమట. కోయకూడదట. వేళ్ళతో దువ్వి ఎండు పోచలు లాగెయ్యాలంతే. అక్క రోజూ దువ్వుతుంటే చూశాను కూడా. బావ మీద బెంగతో నిమురుతోందనుకున్నాను, పాపం అనుకుని పక్కకి తప్పుకునేదాన్ని. అదే దాని సేద్యమని ఎవరికి తెలుసు?

మళ్ళీ చిగురించలేదు. అక్క తిట్టి ఉంటే బావుండేది. ఆ మోడుని ముట్టుకు చూసి, ఇంటికెళ్ళమంది. అంతే.

ఫిబ్రవరి 12
ఎదురింటి టీచర్ గేటు దగ్గర ఆపి, ఎవడైనా సిగరెట్ పారేస్తే ఇల్లంటుకుంటుందంది. ఆదివారం తప్పకుండా కోస్తానన్నాను.

ఫిబ్రవరి 15
ఆదివారం. కోయలేదు.

ఫిబ్రవరి 19
దుబ్బు విడదీసి చూశాను. అడుగున గోరంత పచ్చ పిలకలు. ఇంకో వారం, అంతకంటే ఆగదు.

తోటమాలిని పిలవచ్చు. అరగంట పని. కానీ నాకు కావలసింది గడ్డి కోత కాదు. దుబ్బుకి అవతలివైపునుంచి అక్క మాట్లాడుతుంటే వినాలి. మొహం కనపడదు, గొంతే. ముక్కులో కుచ్చుల దూది పోయిందే, త్వరగా కానీ అని ఒకటే గోల. వరసగా తుమ్ములు. ఎదురుగా కూర్చుని ఎన్నడూ చెప్పనివన్నీ ఆ చాటునుంచి చెప్పేది. బావ ఆస్పత్రి రిపోర్టు సంగతి కూడా అలాగే చెప్పింది. నేను కోస్తూనే ఉన్నాను, తలెత్తలేదు.

అక్క మీద బెంగగా ఉంది.

ఫిబ్రవరి 23, సాయంత్రం
ఆఫీసునుంచి వచ్చేసరికి మూడు దుబ్బులూ కట్టేసి ఉన్నాయి! పాత దుప్పటి అంచు చింపి రెండేసి చుట్లు. అక్క ముడి, నాకు తెలీదా?

మా ఆయన్ని అడిగితే నిద్రపోయానన్నాడు. ఆయనకి అబద్ధమాడటం రాదు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపెట్టాడు. మధ్యాహ్నం వచ్చిందట. మంచినీళ్ళు కూడా తాగలేదట. వెళ్తూ వెళ్తూ, పిలకలొచ్చేస్తున్నాయి, దానికి బుద్ధి లేదు, రేపే కోసెయ్యమని చెప్పు అందట.

దానికి బుద్ధి లేదట! ఏడాది తర్వాత నా గురించి ఒక మాట. నాలుగుసార్లు చెప్పించుకున్నాను.

ఫిబ్రవరి 24
కత్తెర పట్టుకుని దుబ్బు ముందు కూర్చున్నాను. అక్క తన వంతు చేసి వెళ్ళింది. ఇక నాదే మిగిలింది. కోసేశానంటే మళ్ళీ వచ్చే ఏడాదిదాకా దానికి ఈ గేటు తీసే పని ఉండదు.

కత్తెర లోపల పెట్టేశాను.

ఫిబ్రవరి 25, ఉదయం 6:40
లీవ్ పెట్టాను. మూడు ముడులూ విప్పేశాను. గడ్డంతా విరగబడి గుమ్మానికి అడ్డం పడింది, వీధిలోంచి బాగా కనిపిస్తుంది. అక్క పాలకి వచ్చే వేళయింది.