నాలుగో అనుబంధం

బెర్గెన్
9 సెప్టెంబరు 1996

ప్రియమైన హెర్డిస్,

ఎలా ఉన్నావే? ఫోన్ చేస్తే నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటున్నారు. నువ్వేమో ఊఁ, ఆఁ అని పెట్టేస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం. దీన్నైనా ఒంటరిగా చదువుకుంటావని ఆశ.

ఇక్కడ పదకొండు రోజులుగా వాన తెరిపివ్వలేదు. అది మాకు అలవాటే. అలవాటు లేనిదల్లా సిబ్బంది గదిలో నిశ్శబ్దం. ఇదివరకు ఫ్లైట్ దిగి వచ్చినవాళ్ళు బూట్లు విప్పి, కాఫీ పోసుకుని, ప్రయాణికుల మీద జోకులు వేసుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరు తలుపు తీసినా అందరూ తలెత్తి చూస్తారు, ఏమైనా కబురు తెచ్చారేమోనని. కంపెనీతో ఒప్పందం చర్చలు మొదలై నాలుగు నెలలైంది. యూనియన్ పంపే పసుపు కాగితంలో ప్రతివారం ఒకటే మాట: "చర్చలు సానుకూలంగా సాగుతున్నాయి." నిన్న స్టైనార్ దాన్ని గట్టిగా చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టాడు. "ఇన్నాళ్ళకి దీనివల్ల ఒక ఉపయోగం కనిపించింది," అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

స్టైనార్ నీకు గుర్తుండే ఉంటాడు. మా అందరికంటే సీనియర్, ఎర్ర గడ్డం. యూనియన్ నాయకులంటే అతనికి ఒళ్ళు మంట. రెండేళ్ళ కిందట ఫ్లైట్‌కీ ఫ్లైట్‌కీ మధ్య మాకుండే విశ్రాంతిని నాయకులు కోసేసి, ఓట్లు పడ్డాక చెప్పారు కదా. అది ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. కానీ ఈసారి చర్చల బల్ల దగ్గర నువ్వున్నావు. నేను అదే అంటే స్టైనార్ ఏమన్నాడో తెలుసా? "నీ స్నేహితురాలు మంచిదే అమ్మాయ్. ఆ కుర్చీలోకి వెళ్ళిన ప్రతివాళ్ళూ మంచివాళ్ళే."

నేనూరుకోలేదు. పన్నెండేళ్ళ కిందట ఒకే రోజు ఉద్యోగంలో చేరిన సంగతి చెప్పాను. నా కడుపులో బిడ్డ నిలవనప్పుడు, మంచం దిగలేని నా కోసం నీ డ్యూటీలతో పాటు నా డ్యూటీలు కూడా ఏడు వారాలు నువ్వే ఎగిరావని చెప్పాను. ఆ మనిషి నన్ను మోసం చేస్తుందా?

సిబ్బందిని ఉంచే నాలుగు బేసుల్లో ఒకటి ఎక్కువని కంపెనీ అంటోందట. అది మాదేనని పుకారు. బెర్గెన్ ఉంటుందా, పోతుందా? ఒక్క ముక్క రాయి. అరవైనాలుగు మందిమి ఆ ఒక్క ముక్క కోసం చూస్తున్నాం.

నిన్ను తలుచుకోని రోజు లేని,
గున్వోర్


ఓస్లో
20 సెప్టెంబరు 1996

ప్రియమైన గున్వోర్,

నీ ఉత్తరం మూడు రోజులు కోటు జేబులో పెట్టుకుని తిరిగాను. తిట్టకే. ఉదయం ఏడింటికి ఇల్లు వదిలితే అర్ధరాత్రి దాకా మనిషిని కాను. మధ్యవర్తి ఒక గదిలో, కంపెనీ వాళ్ళు ఒక గదిలో, మేమొక గదిలో. కాగితాలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. తిండంటే రొట్టె మీద గోధుమరంగు జున్ను, మూడు పూటలా అదే. దాని వాసన వస్తేనే ఇప్పుడు ప్లేటు పక్కకి నెట్టేస్తున్నాను.

లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పకూడదని అందరం సంతకాలు పెట్టాం. నాకు నచ్చి పెట్టలేదు. అయినా నువ్వు అడిగావు కాబట్టి ఒక్కటి రాస్తున్నాను. బెర్గెన్ బేస్ మూతపడదు. ఈ మాట నా చేత్తో రాస్తున్నాను, నీకు కావాలంటే మీవాళ్ళకు చదివి వినిపించు.

అక్కడ గాలి ఎలా ఉంది? స్టైనార్ మాట ఎక్కువమంది వింటారా, నీ మాట వింటారా? అక్టోబరు మొదట్లో ఓటింగు ఉంటుంది. ఈ ఒప్పందం ఓడిపోతే తరువాత వచ్చేది దీనికంటే దారుణంగా ఉంటుంది గున్వోర్. ఇంతకంటే రాయలేను. నన్ను నమ్ము.

ఎప్పటికీ నీ,
హెర్డిస్


బెర్గెన్
14 అక్టోబరు 1996

ప్రియాతిప్రియమైన హెర్డిస్,

గెలిచాం! మొత్తం మీద నలభై ఒక్క ఓట్ల తేడాతో ఒప్పందం నెగ్గిందని ఈ ఉదయమే తెలిసింది. ట్రోండ్‌హైమ్, స్టవాంగర్ రెండూ కాదన్నాయట కదా. ఓస్లో సగానికి సగం చీలిందట. అంటే గెలిపించింది మేమే. బెర్గెన్‌లో అరవైనాలుగు మందిలో యాభైఎనిమిది మంది సరేనన్నారు.

ఆ సమావేశం ఎలా జరిగిందో నీకు చెప్పాలి. క్యాంటీన్‌లో కుర్చీలు చాలక కొందరు కిటికీ అంచుల మీద కూర్చున్నారు. యూనియన్ నుంచి వచ్చింది రెండు పేజీల సారాంశం. అందులో మా గురించి ఒకే వాక్యం: "బెర్గెన్ బేస్ కొనసాగుతుంది, వివరాలు అనుబంధాల్లో." స్టైనార్ లేచాడు.

"ఆ అనుబంధాలు ఎక్కడున్నాయి?" అన్నాడు.

"అచ్చవుతున్నాయట," అన్నాను.

"అచ్చయ్యాకే ఓటేద్దాం. సంతకం పెట్టేముందు కాగితం చదవాలని మా అమ్మ కూడా చెప్పేది, ఆవిడ బడికి వెళ్ళింది నాలుగేళ్ళే."

కొందరు తలలూపారు. అప్పుడు నేను నీ ఉత్తరం తీసి, ఆ వాక్యం చదివాను. నీ చేతిరాత అందరికీ చూపించాను. గదిలో గాలి మారిపోయింది హెర్డిస్. చాలామందికి నువ్వు తెలుసు, తెలియనివాళ్ళకు నేను తెలుసు.

కవలపిల్లల తల్లి సిన్నోవె ఉంది చూడు, మొగుడు పోయాక ఒక్కతే పెంచుకుంటోంది. ఆమె చివరిదాకా ఉండి నా దగ్గరికి వచ్చింది. "గున్వోర్, నాకు ఈ పేజీలు అర్థం కావు. పిల్లల్ని ఇక్కడి బడిలోనే ఉంచొచ్చా? లేకపోతే ఇప్పుడే చెప్పు, మధ్యలో తీసేస్తే వాళ్ళు తట్టుకోలేరు," అంది.

"ఉంచు. పూచీ నాది," అన్నాను.

స్టైనార్ నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే తల పక్కకి తిప్పుకుంటున్నాడు. వచ్చే నెల మామూలుగా జీతాలు పడి, డ్యూటీ పట్టికలు వస్తే అతనే దిగివస్తాడులే. నువ్వు కాస్త నిద్రపో. ఇక్కడికి రా, చేపల పులుసు చేసిపెడతాను. జున్ను మాట ఎత్తను.

గర్వంతో,
నీ గున్వోర్


బెర్గెన్
25 నవంబరు 1996

ప్రియమైన హెర్డిస్,

ఆరు వారాలైంది, జవాబు లేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాను. యూనియన్ ఆఫీసు అమ్మాయి ప్రతిసారీ "మీటింగులో ఉన్నారండీ" అంటోంది. ఒంట్లో బాగుందా?

ఒక సంగతి అడగాలి. శుక్రవారం మా సామాన్ల గదికి పెట్టెలు వచ్చాయి. కొత్త యూనిఫారాలు. మావేమోనని సిన్నోవె ఒకటి విప్పింది. ప్రతి కోటుకీ పేరు కుట్టి ఉంది, అందులో ఒక్క పేరూ మాలో ఎవరిదీ కాదు. మేనేజర్‌ని అడిగితే పొరపాటున వచ్చాయన్నాడు. కానీ పెట్టెలు వెనక్కి పంపలేదు, గదికి తాళం వేశాడు.

అనుబంధాలు ఇంకా రాలేదు. నీకు కంపెనీలో పెద్ద కుర్చీ ఇస్తున్నారని స్టైనార్ అందరికీ చెబుతున్నాడు. నేను పట్టించుకోలేదు. కానీ పట్టించుకోకుండా ఉండటం రోజురోజుకీ కష్టంగా ఉందే. ఒక్క గీత రాయి.

నీ,
గున్వోర్


బెర్గెన్
13 జనవరి 1997

హెర్డిస్‌కు,

క్రిస్మస్ సెలవులయ్యాక, ఏడో తేదీన, అరవైనాలుగు ఇళ్ళకు అరవైనాలుగు ఉత్తరాలు వచ్చాయి. మార్చి ఆఖరులోగా ఓస్లోకి మారాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి. బెర్గెన్ నుంచి ఏప్రిల్ మొదలుకొని ఎగిరేది ఒక అద్దె సంస్థ పంపే మనుషులు. ఆ కోట్లు వాళ్ళవి.

కాబట్టి నువ్వు అబద్ధం రాయలేదు. బేస్ మూతపడటం లేదు. దీపాలు వెలుగుతాయి, కాఫీ కాగుతుంది, విమానాలు దిగుతాయి, ఎగురుతాయి. మేము మాత్రం ఉండం. ఆ వాక్యం రాయడానికి ఎంతసేపు ఆలోచించావు?

ఉత్తరాలతో పాటు అనుబంధాలు కూడా పంపారు. నాలుగోది మాది. కింద నీ సంతకం ఉంది. తేదీ చదివి ముందు అచ్చుతప్పు అనుకున్నాను. సెప్టెంబరు పన్నెండు. నువ్వు నాకు రాసింది ఇరవైన. మమ్మల్ని ఇచ్చేసిన ఎనిమిది రోజులకు, అదే చేత్తో, "నన్ను నమ్ము" అని రాశావు.

నిన్న సిన్నోవె మా ఇంటికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. గుమ్మంలో నిలబడి, "నీకు ముందే తెలుసా?" అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. "నిజంగా?" అంది. మళ్ళీ తెలియదన్నాను. తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. నన్ను చూడగానే జనం మాటలు ఆపేస్తున్నారు. ఒకరైతే మొహం మీదే అడిగారు, నా వాటా ఎంతని.

నా వాటా సంగతి తరువాత. నీకేమిచ్చారు హెర్డిస్? కుర్చీయా? ఏదో ఒకటి ఇచ్చారని రాయి. ఊరికే చేశావంటే నేను భరించలేను.

గున్వోర్


ఓస్లో
2 ఫిబ్రవరి 1997

ప్రియమైన గున్వోర్,

అలా పిలిచే హక్కు పోయిందని తెలుసు. వేరేగా పిలవడం చేతకాక రాస్తున్నాను.

నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. కుర్చీ లేదు, కవరు లేదు. ఉండి ఉంటే బాగుండేది, నువ్వు నన్ను తేలిగ్గా అసహ్యించుకునేదానివి.

సెప్టెంబరు మొదట్లో కంపెనీ వాళ్ళు ఒక కాగితం బల్ల మీద పెట్టారు. ఏదో ఒక బేస్‌ని అద్దె సిబ్బందికి వదలాలి, లేకపోతే అన్ని బేసుల్నీ ఒక్కొక్కటిగా వదిలేస్తాం, అన్నారు. ఏ బేసో మీరే చెప్పండన్నారు. అది బెదిరింపో నిజమో ఇవాళ్టికీ నాకు తెలియదు. అప్పుడు నిజమనే నమ్మాను. ఏడువందల మందిలో అరవైనాలుగు మంది అని లెక్క వేసుకున్నాం. మా కమిటీ ఐదుగురం తలుపు మూసుకుని కూర్చున్నాం. ఎవరూ ఏ ఊరి పేరూ ఎత్తలేదు. అక్కడ బతికేవాళ్ళ మొహాలు అందరికీ తెలుసు.

ఇక నీకు చెప్పాల్సింది. అనుబంధం సంగతి పొక్కకుండా ఓటు గట్టెక్కాలి. ట్రోండ్‌హైమ్, స్టవాంగర్ ఎలాగూ కాదంటాయని మాకు తెలుసు. వాటిలో దేన్ని ఎంచుకున్నా అక్కడివాళ్ళు అనుబంధం చూపించేదాకా ఊరుకునేవారు కాదు. అప్పుడు నేను నోరు తెరిచాను. నా మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "బెర్గెన్ అయితే కుదురుతుంది. అక్కడ గున్వోర్ ఉంది. ఆమె నా మాట నమ్ముతుంది, వాళ్ళు ఆమె మాట నమ్ముతారు," అన్నాను.

వేరే కారణం ఏదీ లేదు. విమానాల సంఖ్య కాదు, ఖర్చు కాదు. నువ్వు అక్కడ ఉన్నావు కాబట్టి బెర్గెన్.

నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి ఆ సంతకం తడి ఆరలేదు. మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగానని రాశాను చూడు, ఆ ముక్క నిజం.

అనుబంధం దాచి ఓటు వేయించామని నా చేత్తో రాసి, కింద సంతకం పెడుతున్నాను. లాయరుకు చూపించు. దీంతో ఆ ఓటు నిలవదని నాకు తెలుసు. నా పదవి, బహుశా నా ఉద్యోగం కూడా పోతాయి. క్షమించమని అడగను. చించేసినా సరే, చదివి వినిపించినా సరే, నీ ఇష్టం.

హెర్డిస్


బెర్గెన్
21 ఏప్రిల్ 1997

హెర్డిస్‌కు,

జరిగింది నీకు తెలిసే ఉంటుంది, అయినా నా వైపు నుంచి రాస్తున్నాను.

నీ ఉత్తరం రెండు రోజులు ఎవరికీ చూపించలేదు. సిగ్గు వల్ల. అందులో నా పేరున్న వాక్యాన్ని మడతలో దాచి, మిగతాదే లాయరుకు ఇస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. నీ విద్య నాకూ అబ్బుతోందని భయం వేసి, దాన్ని తీసుకుని స్టైనార్ ఇంటికి వెళ్ళాను. అతను గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివాడు. "నేను చెప్పలేదా?" అంటాడనుకున్నాను. "లోపలికి రా, తడిసిపోతున్నావు," అన్నాడు.

ఆ ఆదివారం అదే క్యాంటీన్‌లో మొదటి అక్షరం నుంచి చివరిదాకా అందరి ముందూ చదివాను. నా పేరున్న వాక్యాన్ని గబగబా చదివేశాను. వెనక నుంచి సిన్నోవె అడిగింది, "నీ పేరున్న చోట మళ్ళీ చదువు." మళ్ళీ చదివాను.

"అయితే మమ్మల్ని అమ్మింది ఆమె," అంది సిన్నోవె, నెమ్మదిగా. "సంత దాకా తోలుకెళ్ళింది నువ్వు."

ఆ మాట నిజమే. ఉత్తరం మడిచి స్టైనార్ చేతికిచ్చాను.

కోర్టు దాకా వెళ్ళే పని లేకపోయింది. ఆ ఉత్తరం చూడగానే యూనియన్ పెద్దలు దిగివచ్చారు. నాలుగో అనుబంధాన్ని విడిగా ఓటుకు పెట్టారు. ఈసారి అందరి చేతిలోనూ ప్రతి పేజీ ఉంది. అన్ని బేసులూ కలిసి దాన్ని పడగొట్టాయి, ఓస్లో కూడా. ఏడువందల మంది కోసం మమ్మల్ని ఇచ్చేశామన్నావు కదా. ఆ ఏడువందల మందిని అడిగితే వద్దన్నారు. ముందే అడిగి ఉంటే కూడా వద్దనేవాళ్ళేమో. మీరు అడగలేదు.

అద్దె సిబ్బంది రావడం ఆగింది. చర్చలు మళ్ళీ మొదలవుతున్నాయి, ఎలా ముగుస్తాయో తెలియదు. కొత్త కమిటీలో కూర్చోమని స్టైనార్ నన్ను అడిగాడు, ఒప్పుకోలేదు. నన్ను నమ్మమని ఇంకెవరినీ అడగలేను. అతనే వెళ్ళాడు. వచ్చిన ప్రతి కాగితం అదే రోజు సిబ్బంది గది గోడకు అంటిస్తున్నాడు, అక్షరదోషాలతో సహా.

కానీ ఈ ఫలితం వచ్చేలోపే ఇరవైముగ్గురు వెళ్ళిపోయారు. ఉద్యోగం పోతుందనే భయంతో సిన్నోవె మార్చిలోనే పిల్లల్ని బడి మాన్పించి ఓస్లోకి మారింది. ఇక్కడి ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేశారు, ఇక వెనక్కి రావడానికి లేదు. ఆ పిల్లల్లో ఒకడు కొత్త బడిలో నోరు విప్పడం లేదట. ఇది నాకు వేరేవాళ్ళు చెప్పారు. ఆమె నాకు రాయదు.

నీ ఉత్తరం మాకు పనికొచ్చింది. అందుకు థ్యాంక్స్. నాకు కోపం తగ్గలేదు, తగ్గుతుందని మాటివ్వను. ఏడు వారాలు నా బదులు ఎగిరిన మనిషి, ఆ గదిలో నా పేరు చెప్పిన మనిషి ఒక్కరేనన్నది నాకింకా మింగుడుపడటం లేదు.

ఇకమీదట నాకు రాయకు. రాయాల్సింది ఏమైనా మిగిలి ఉంటే సిన్నోవెకు రాయి. నీ ఇంటి నుంచి ట్రామ్‌లో నాలుగు స్టాపులు. చిరునామా ఈ కాగితం వెనక ఉంది.

గున్వోర్